యలమంద సైకిలుకి దస్తగిరి కళాయి

యలమంద అని ఒకడుండేవాడమ్మాయ్ మా ఊళ్ళో, రాసుకో. ఉత్త యలమంద అంటే ఎవరికీ తెలవదు, ఈ చుట్టుపక్కల కోటప్పకొండకి మొక్కుకున్నాక పుట్టినోడల్లా యలమందే. వెండి సైకిలు యలమంద అనాల. అట్టా అంటే మాత్రం అద్దంకి కాణ్ణించి మాచర్ల దాకా తెలుసు. ఏం చేసేవాడంటే, ఏడు రోజుల సైకిలు తొక్కేవాడు. మీకు తెలవదులే, మీరు పుట్టేసరికి అయ్యన్నీ పోయినయ్యి. ఊరి నడిబజార్లో గుండ్రంగా గుంజలు పాతి తాడు కట్టేవోళ్ళు. ఆ గుండ్రంలో మనిషి సైకిలెక్కాడంటే మళ్ళీ ఏడోరోజు సాయంత్రం దాకా కాలు నేలకి ఆనకూడదు. తిండి దాని మీదే, తానం దాని మీదే, గడ్డం గీయించుకోటం గూడా దాని మీదే, మంగలాయన పక్కనే నడుచుకుంటా గీసేవాడు. నిద్రొస్తే తాడు మీద చెయ్యి ఆనిచ్చి కునుకు తియ్యటమే, చక్రం మాత్రం కదుల్తా ఉండాల. మిగతాయ్యి ఎట్టాగంటావా? చుట్టూ దుప్పట్లు పట్టుకునేవోళ్ళులే, అంతకంటే అడగబాక.

ఆ సైకిలుందే, అసలు జనం దాని కోసం వచ్చేవోళ్ళు. ఎవరో సర్కసోళ్ళ కాడ కొన్నాడంట. మామూలు సైకిలుకి హ్యాండిలు, చక్రాలు మెరుస్తయ్యి గదా, ఫ్రేముకి నల్లరంగు ఉంటది. దీనికి ఫ్రేముతో సహా మొత్తం కోటింగే, వెండిలాగ మెరిసే నికెలు. తొక్కతా ఉంటే ఎండ దాని మీద పడి జనం మొహాల మీద ఎగిరేది, పిల్లోళ్ళు దాన్ని పట్టుకుందామని గోడల మీద చేతులు కొట్టేవోళ్ళు. కోటమ్మ, అంటే యలమంద పెళ్ళాం, అట్టానే పడింది. వాళ్ళూళ్ళో ఆట కట్టినప్పుడు నీళ్ళబిందె చంకనేసుకోని పోతంటే ఆ వెలుగొచ్చి కళ్ళలో కొట్టిందంట. ఎవడా అని తిరిగి చూస్తే వీడు. ఏడు రోజులూ ఆ పిల్ల బావికి ఎన్నిసార్లు పోయిందో లెక్కే లేదని వాళ్ళమ్మే చెప్పేది. ఆటైపోయిన నెలకి పెళ్ళి.

మరి ఏమైందంటే, కోటింగు ఎన్నాళ్ళుంటది? చెమట, వాన, ఊరూరు తిరగటం. ముందు చిన్న చిన్న బొబ్బల్లాగ లేచింది, తర్వాత పెచ్చులు పెచ్చులుగా ఊడింది, కింద ఎర్రగా తుప్పు. ఒకటి రెండూళ్ళలో చూసి నవ్వారంట. ఆ తర్వాత పిలిచినోళ్ళు లేరు. వీడు ఆ సైకిలు తీసుకపోయి గొడ్లచావిట్లో దూలానికి వేలాడగట్టి, నాపరాళ్ళ గనిలో పనికి పోయాడు. ఆరేళ్ళు పోయాడు. మనిషి కూడా అదోరకంగా అయిపోయాడనుకో. అంతకుముందు బజార్లో నడిస్తే పదిమందిని పలకరించేవాడు, ఇప్పుడు తలకి గుడ్డ చుట్టుకోని సందులో నించి పోయేవాడు. కోటమ్మేమో పొద్దున్నే చావిడి ఊడుస్తా ఊడుస్తా ఒకసారి పైకి చూసేదంట, ఆ వేలాడే సైకిలు కేసి.

అట్టా ఉంటే, అవతల పెద్దూరు నించి మనిషొచ్చాడు. వాళ్ళకి పోలేరమ్మ కొలుపులు వచ్చినయ్యి, ఇంక పన్నెండు రోజులే ఉంది. ఆ ఊరి ప్రెసిడెంటు చెంచురామయ్య గారు కుర్రతనంలో ఈ ఆట చూశాడంట, ఏ ఆటా వద్దు, ఆ వెండి సైకిలు అతన్నే పిలవండి అన్నాడంట. యలమంద వస్తానని చెప్పేశాడు. మనిషి వెళ్ళిపోయినాక చావిట్లోకి పోయి సైకిలు దించి, దాని ముందు కూలబడ్డాడు. నేను అప్పుడు పక్కింటోణ్ణి, కొత్తగా పెళ్ళైనోణ్ణి, ఎందుకు కూర్చున్నావు మావా అని పోయి అడిగా. ఏమన్నాడంటే, “వాళ్ళు నన్ను పిలవలేదురా, దీన్ని పిలిచారు. ఇదేమో చచ్చిపడుంది” అన్నాడు.

మర్నాడు ఫ్రేము విప్పుకోని ఇద్దరం నరసరావుపేట పోయాం. సైకిలు షాపతను చూసి, హ్యాండిలైతే ఏదో చేయిస్తా గానీ ఫ్రేముకి కోటింగు ఇక్కడ కాదు, మద్రాసు పంపాల, రెండు నెలలు పడుద్ది, ఈ తుప్పు గుంటల మీద నిలుస్తదని గూడా నేను చెప్పలేను అన్నాడు. పోనీ వెండి రంగు పూసుకో అని చిన్న డబ్బా ఇచ్చాడు. ఇంటికొచ్చి పూశాం. ఆరినాక చూస్తే ఏముంది, రేషన్ షాపు రేకుతలుపు లాగ ఉంది. యలమంద ఒకసారి చూసి, నవ్వి, ఆ నవ్వు చూడలేకపోయామనుకో, రంగంతా మళ్ళీ గీకేశాడు.

అప్పుడు కోటమ్మకి తట్టింది. మా ఊళ్ళో కళాయి దస్తగిరి అని ఉండేవాడు, ఇత్తడి గిన్నెలకి లోపల తగరం పూత పూసేవాడు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కి కడుపు తిప్పుద్ది గదా, అందుకని ఆ రోజుల్లో ఆర్నెల్లకోసారి ఊరు ఊరంతా సాయిబు ముందు గిన్నెలు పెట్టుకోని కూర్చునేది. అప్పటికే పాతచీరలకి స్టీలు సామాన్లిచ్చేవోళ్ళు దిగారు, సాయిబుకి పని పల్చబడింది. కోటమ్మ ఇంట్లో ఒక ఇత్తడి తపేలా ఉంది, అంతకు నాలుగురోజుల ముందే కళాయి పెట్టించింది. దాంట్లో మొహం కనపడతంది. ఆ తపేలా తీసుకోని సాయిబు ఇంటికి పోయి, ఇదే మెరుపు మా సైకిలుకి పెట్టు అన్నా అనిందంట. సాయిబు బీడీ తీసి, “సైకిల్లో ఏం కాస్తావు తల్లీ, పప్పుచారా?” అన్నాడంట. ఈమె నవ్వలా. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఉంది. సాయిబు బీడీ ఆర్పేసి, తీసుకరా, చూద్దాం అన్నాడంట.

వింటన్నావా, మొదటిరోజు ఏమైందంటే, పట్టలా. గిన్నెకి వేసేటప్పుడు ఎట్టాగంటే, గిన్నె బొగ్గుల మీద కాలుద్ది, సాయిబు లోపల తగరం అంటుకునేదానికి నవాసాగరం పొడి జల్లి, తగరం ముక్క ఆనిచ్చి, దూదితో తుడుస్తాడు, కరిగిన తగరం గిన్నె లోపలే తిరుగుద్ది, ఎటు పోయినా గిన్నెలోనే గదా ఉండేది. కడ్డీ మీద వేస్తే? ఇట్టా ఆనించగానే అట్టా జారి బొగ్గుల్లో పడ్డది. పడనిది చుక్కలు చుక్కలుగా నిలబడ్డది గానీ పరుచుకోలా. సాయిబు రెండు పూట్లా ప్రయత్నం చేశాడు. సాయంత్రానికి చేతులు చూసుకోని, “నలభై ఏళ్ళు లోపల వేసిన చేతులయ్యా ఇయ్యి, బైట వెయ్యటం వీటికి తెలవదు” అన్నాడు. ఆయన మొహంలో అవమానం చూశా నేను. సైకిలు పోతే యలమందది పోద్ది, మరి ఆయనకెందుకంత అనుకున్నా. తర్వాత అర్థమైంది, తన పని ఇంక అక్కర్లేదనే మాట ఆయన స్టీలు గిన్నెలోళ్ళ కాణ్ణించి రోజూ వింటానే ఉన్నాడు.

మూడోరోజు పొద్దున్నే ఆయనే వచ్చి తలుపు కొట్టాడు. ఇనుముకి జిడ్డుంది, తుప్పు గుంటల్లో మట్టుంది, ముందు అది పోవాల, తోమండి అన్నాడు. తోమటం అంటే మా వీధి ఆడోళ్ళకి చెప్పాల్నా. పెళ్ళికి గుండిగలు తోమినట్టు ఆ ఫ్రేము చుట్టూ ఎనిమిది మంది కూర్చున్నారు. చింతపండు, బూడిద, ఇటికరాయి పొడి, కొబ్బరిపీచు. ఒకామె ముందు కడ్డీ, ఒకామె వెనక కడ్డీ, ఒకామె చక్రం ఇరుక్కునే సందు. మొగోళ్ళం ఎవరం దగ్గరికి పోయినా చేతులు అడ్డం పెట్టబాకండి అని కసిరారు. రెండ్రోజులు తోమారు. తర్వాత కంసాలి కాణ్ణించి ద్రావకం, అదే యాసిడు, తెచ్చి సాయిబు కడిగాడు, ఇనుము బూడిదరంగులో పచ్చిగా తేలింది. వాకిట్లో మనిషి పట్టేంత పొడుగు గాడి తవ్వి బొగ్గులు పోశాడు. ఫ్రేము గొట్టాల్లో ఇటొక గెడ అటొక గెడ దూర్చి, ఇటు యలమంద, అటు నేను పట్టుకున్నాం. జారేది కిందికి గదా, కింద అనేదే లేకుండా తిప్పండి, ఆగబాకండి, అన్నాడు సాయిబు. మేం తిప్పతా ఉన్నాం. ఆయన పొడి జల్లాడు, తెల్లపొగ లేచి ఆయన కనపడకుండా పోయాడు, దగ్గు మాత్రం వినపడతంది. ఆ పొగలో నించి దూది పట్టుకున్న చెయ్యి ఒక్కటే వచ్చింది. అమ్మాయ్, ఎట్టా చెప్పాల. ఆ దూది యాడికి పోతే మెరుపు ఆడికి పోయింది. దాని వెనకే నడిచింది. తిప్పతా తిప్పతా నేను ఏడ్చా, పొగకి అనుకున్నారు అందరూ, పొగకి కాదు.

కోటింగు మెరుపు వేరు, అది కోసినట్టుంటది, చల్లగా. ఇది తెల్లగా, మెత్తగా, వెన్న రాసినట్టు ఉంది. యలమంద దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, ముందుదానికంటే బాగుంది సాయిబూ అన్నాడు. సాయిబు ఒక్కటే చెప్పాడు, ఇది మెత్తటి లోహం, గరుకు తగలనీయబాక, పొడిగుడ్డతో తుడుచుకో అని. యలమంద సరే సరే అన్నాడు. ఆ సంతోషంలో ఆ మాట పెళ్ళానికి చెప్పటం మర్చిపోయాడు. అంతే, చిన్న మరుపు.

పెద్దూళ్ళో ఆట మొదలైంది. మొదటి మూడు రోజులూ జనం విరగబడ్డారంట. చెంచురామయ్య గారు కుర్చీ వేయించుకోని కూర్చోని, చెప్పలా నేను, ఇదే, ఇదే సైకిలు అని అందరికీ చూపించేవాడంట. ఊరి ఆడోళ్ళొచ్చి సైకిలుకి పసుపురాసి, కుంకంబొట్లు పెట్టి, దండలేశారు. తానం నీళ్ళు పడి ఆ పసుపంతా కారి, దుమ్ము పట్టి, నాలుగోరోజు పొద్దుటికి కాస్త మసకేసింది. కోటమ్మ చూసింది. పాపం, ఏ ఆడమనిషైనా ఏం చేసుద్ది? మసకేసింది గాబట్టి తోమింది. చింతపండు, ఇటికపొడి కొంగులో వేసుకోని, ఆయన తొక్కతా ఉంటే పక్కన పరిగెత్తుకుంటా తోమింది, ఒకటి గాదు రెండు గాదు, ఇరవై చుట్లు. ఆయన నిద్రమత్తులో ఉన్నాడు, చూసుకోలా. నీళ్ళు పోసి కడిగితే ముందు కడ్డీ మీద రెండు జానల పొడుగున నల్లటి ఇనుము బైటపడ్డది.

ఇంక చూసుకో. వెండి ఊడిపోయిందిరో అని ఒకడు కేకేశాడంట. అది కోటింగు కాదు, ఏదో పూత, మనల్ని ఎర్రోళ్ళని చేశాడు, దిగమనండి అని కొలుపుల పెద్దలు ఇద్దరు ముగ్గురు తాడు కాడికి వచ్చారు. చెంచురామయ్య గారి తల కొట్టేసినట్టయింది, అంతమందికి చూపించిన మనిషి గదా. ఏంది యలమందా ఇది అని అడిగాడు. కోటమ్మ అప్పటికే ఒక గోడ చాటున కొంగు మొహం మీద వేసుకోని కూర్చుంది. యలమందకి ఒక్కటే తెలుసు, ఇక్కడ కాలు కింద పెట్టాడంటే మళ్ళీ ఈ జన్మకి ఎక్కడు. తొక్కుడు ఆపకుండానే చెప్పాడంట, “అయ్యా, ఇది కోటింగని నేనెప్పుడూ అనలేదు, కాదని గూడా అనలేదు, అది నా తప్పే. ఇది మా ఊరి దస్తగిరి సాయిబు పెట్టిన కళాయి. మీ ఇళ్ళల్లో గిన్నెలకి ఉండేదే. అది దొంగ మెరుపైతే మీరు రోజూ తినేది గూడా దొంగ కూడే. సాయిబుని పిలిపించండి. ఆయనొచ్చిందాకా నన్ను తొక్కనీయండి.” అంతసేపు చుట్లు తిరుగుతా చెప్పాడు గాబట్టి ఆ మాటలు బజారంతా తలా ఒక ముక్క విన్నారంట.

కబురుతో మనిషొస్తే సాయిబూ నేనూ తిత్తి, బొగ్గులు బండిలో వేసుకోని ఐదోరోజు పొద్దున్నే పోయాం. సాయిబు వంగి సైకిలు పక్కన రెండు చుట్లు పరిగెత్తి చూశాడు. దించండి, గంటలో వేస్తా అన్నాడు. దిగితే ఆట పోయినట్టే సాయిబూ అన్నాడు యలమంద. సాయిబు లుంగీ పైకి దోపుకోని, అయితే నువ్వు ఎంత నిదానంగా తొక్కగలవు అని అడిగాడు. నీ ఇష్టం సాయిబూ, ఎంత నిదానం కావాలంటే అంత, అన్నాడు యలమంద.

గుండ్రం చుట్టూ నాలుగు చోట్ల బొగ్గులు రాజేశాం. బొక్కపడ్డ బిందెలకి మాటేసేటప్పుడు వాడే కడ్డీ ఉంటది చూడు, కొసన రాగిముక్క ఉంటది, అట్టాంటియ్యి నాలుగు కాల్చాం. యలమంద తొక్కతా ఉన్నాడు, తొక్కుతున్నాడా నిలబడ్డాడా తెలవనంత నిదానం, చక్రం గింజంత గింజంత జరుగుతంది. అయిదు రోజుల నిద్రలేని కాళ్ళమ్మాయ్ అయ్యి. సాయిబు పక్కన అడుగులో అడుగేసుకుంటా, ఒక చేత్తో కాలిన కడ్డీ, ఒక చేత్తో తగరం. ఆనిచ్చి, కరిగించి, దూదితో ఒక్క తుడుపు. కడ్డీ చల్లారేలోపు రెండు వేళ్ళ మేర పడేది, ఆ లోపు రెండో పొయ్యి కాడికి వచ్చేవాళ్ళు, నేను ఇంకో కడ్డీ అందించేవాణ్ణి. రెండుసార్లు ఆ రాగికొస యలమంద తొడకి తగిలింది. చర్మం కాలిన వాసన నాకొచ్చింది. వాడి పాదం పెడలు మీద నించి లేవలా. సాయిబు ఆగిపోతే, పోనీ సాయిబూ, కానీయ్ అన్నాడు.

అప్పుడు చూడాల్సింది ఆడోళ్ళని. వాళ్ళకి కళాయి సంగతి తెలుసు గదా. మొగోళ్ళని నెట్టుకోని ముందుకొచ్చి తాడు పట్టుకోని నిలబడ్డారు. అక్కడ పల్చగా పడ్డది సాయిబూ, అడుగున వదిలేశావు, ఇంకొంచెం పొడి జల్లు, అని ఒకటే సలహాలు. ఒక ముసలామె అయితే, ఇట్టాంటి చెయ్యి మా ఊరికి ఎందుకు రాలేదయ్యా ఇన్నాళ్ళూ అని నిలదీసింది. చుట్టుపక్కల ఊళ్ళకి కబురుపోయి మధ్యాన్నానికి బళ్ళు కట్టుకోని వచ్చారు, సైకిలు మీద మనిషి ఉండగానే కళాయి పెడతన్నారంట అని. దిగమన్న పెద్దలే జనాన్ని వెనక్కి నెట్టి సాయిబుకి దారిచ్చారు. పొద్దు వాలేసరికి ముందు కడ్డీ మళ్ళీ తెల్లగా అయింది. సాయిబు ఆ మట్టిలోనే చతికిలబడి మంచినీళ్ళు అడిగాడు. యలమంద అప్పుడు కాస్త జోరుగా తొక్కాడు, వాలే ఎండ కడ్డీ మీద పడి జనం మీదుగా పోయింది.

ఏడోరోజు సాయంత్రం దింపాల. ఊరి పెద్ద దింపటం ఆచారం, చెంచురామయ్య గారు పట్టుపంచె కట్టుకోని వచ్చాడు. యలమంద దండం పెట్టి, అయ్యా, ఏమనుకోబాకండి, సాయిబు చేత దింపించండి అన్నాడు. ఆయన దండ తీసుకపోయి సాయిబు చేతికిచ్చాడు. మంచోడులే. సాయిబు చంకల కింద చేతులేసి దింపితే, కాళ్ళు నిలవక యలమంద ఆయన మీదే వాలిపోయాడు. ఇద్దరూ కలిసి కింద పడి నవ్వారు. ఆ తర్వాత సాయిబు నెల రోజులు ఆ ఊళ్ళోనే ఉండి గిన్నెలకి కళాయి పెట్టాడు. యలమంద ఇంకో నాలుగేళ్ళు ఆటలు కట్టాడు, కళాయి సైకిలు యలమంద అనే పిలిచేవోళ్ళు. మసకేసినప్పుడల్లా సాయిబు పెట్టేవాడు. తర్వాత ఇంటింటా స్టీలు గిన్నెలొచ్చి ఆయన పనీ పోయింది, సినిమా హాళ్ళొచ్చి వీడి పనీ పోయింది. ఇద్దరూ పోయారు.

అది గాదు నే చెప్పొచ్చేది. ఆ దింపిన రోజు, కోటమ్మ రాలా. మూడు రోజులుగా అన్నం ముట్టలేదంట, నా చేత్తో నేనే పాడుచేశానని. యలమందని ఇద్దరం చెరో రెక్కా పట్టుకోని ఆ గోడ కాడికి తీసుకపోయాం. ఆమె మొహం మీద కొంగు తియ్యలా. వాడు ఆమె పక్కన కూలబడి, “ఎందుకే ఏడుస్తావు? నువ్వు తోమకపోతే సాయిబు వచ్చేవాడా, సాయిబు రాకపోతే ఇంతమంది చూసేవోళ్ళా? ఉత్త సైకిలైతే నాలుగో రోజుకే ఇంటికి పోయేవోళ్ళు. ఈ ఆట నువ్వే నిలబెట్టావు” అన్నాడు. ఆమె కొంగు తీసి వాడి తొడ మీద కాలిన మచ్చ చూసి మళ్ళీ ఏడ్చిందనుకో, ఆ ఏడుపు వేరే.

వాడన్నది నిజమో, పెళ్ళాన్ని ఊరుకోబెట్టటానికి అన్నాడో నాకు తెలవదు. కానీ అన్నాడు గదా. నాకొక రేడియో ఉండేది, ఎంతో ఇష్టపడి కొనుక్కున్నా. దుమ్ముపట్టిందని మా ఇంటామె దాన్ని తడిగుడ్డ పెట్టి లోపలా బైటా శుభ్రంగా తుడిచింది, అది మళ్ళీ పలకలా. నేను పన్నెండు రోజులు ఆమెతో మాట్లాడలా. యలమంద మాట చెవులారా విన్నోణ్ణి, అయినా మాట్లాడలా. ఆమె మాత్రం రోజూ వేళకి అన్నం పెట్టి, పక్కన నిలబడి, నేనేమన్నా అంటానేమోనని చూసేది. ఇప్పుడు అందామంటే మనిషి లేదు, పోయి తొమ్మిదేళ్ళయింది. ఇది గూడా రాస్తన్నావా? రాసుకో. ఇంటామె అని రాయబాక, ఆదెమ్మ అని పేరు పెట్టి రాయి.